మెడ చూడటం

పోయిన వారం ఒక మిత్రుడు నాకు ఒక దృశ్యం పంపించాడు. ఐస్‌లాండులో గుర్రాల పరీక్ష. గుర్రాన్ని చదునైన నేల మీద నిలబెట్టారు. న్యాయనిర్ణేతలు దాని చుట్టూ తిరిగి, మెడ మొదలయ్యే చోటు, మెడ భుజంలో కలిసే చోటు చూసి, తమలో తాము ఏదో చర్చించుకుని కాగితం మీద ఒక అంకె వేశారు. మిత్రుడు కింద ఒక వాక్యం రాశాడు: "గుర్రం మెడకి కూడా మార్కులా! పనిలేని వాళ్ళు." నవ్వమని పంపించాడు కాని నాకు నవ్వు రాలేదు. మా తాత గుర్తొచ్చాడు. ఆయన జన్మలో ఐస్‌లాండు పేరు విని ఉండడు. గుర్రం ఎక్కి ఉండడు. కాని ఆ న్యాయనిర్ణేతలు నిలబడ్డ తీరులోనే సంతలో ఎద్దు పక్కన నిలబడేవాడు.

ఆ రోజు మిత్రుడికి జవాబు రాయడం మొదలుపెట్టి మధ్యలో ఆపేశాను. చెప్పవలసింది చాలా ఉందనిపించింది. అందుకే ఈ టపా.

ముందు ఐస్‌లాండు సంగతి. 9వ శతాబ్దం చివర ఆ దీవికి వలస వచ్చిన వాళ్ళు పడవల్లో తెచ్చుకున్న గుర్రాల సంతతి అది. ఆ తర్వాత శతాబ్దాల పాటు బయటి గుర్రాన్ని దీవిలోకి రానివ్వలేదు. ఇప్పటికీ రానివ్వరు. పోటీకని పరదేశం వెళ్ళిన ఐస్‌లాండు గుర్రం కూడా తిరిగి స్వదేశంలో కాలు పెట్టడానికి వీల్లేదు. ఇంత కట్టుదిట్టంగా కాపాడుకునే జాతిలో ఏ పోతుగుర్రం నుంచి, ఏ ఆడగుర్రం నుంచి పిల్లలు తియ్యాలో తేల్చడానికి వాళ్ళకి ఒక పద్ధతి ఉంది. ఒక్కొక్క అవయవానికి, ఒక్కొక్క నడకకి 5 నుంచి 10 వరకు, అర మార్కు తేడాతో విలువ కడతారు. మెడ, మెడ వెనక ఎత్తు, భుజాలు మూడూ కలిపి ఒక అంశం. మెడ ఎత్తులో మొదలవ్వాలి, పొడవుగా, సన్నగా ఉండాలి, గొంతు దగ్గర సులువుగా వంగాలి. పొట్టిగా, లావుగా, కిందనుంచి మొదలై రొమ్ములో కలిసిపోయే మెడకి మార్కులు తగ్గుతాయి. ఇందులో అలంకారం ఒక్కటే కాదు, లెక్క కూడా ఉంది. అది స్వారీ గుర్రం. ముందుభాగం పైకి లేస్తే బరువు వెనక కాళ్ళ మీదకి వెళుతుంది, ముందుకాళ్ళు స్వేచ్ఛగా లేస్తాయి. తోల్ట్ అనే వాళ్ళ ప్రసిద్ధమైన నడక, మీద కూర్చున్న మనిషికి కుదుపు తెలియని నడక, అలాంటి ఒంటి తీరుకి సులువుగా పడుతుంది.

అయితే మిత్రుడు పంపిన దృశ్యంలో లేని సగం ఒకటుంది. నిలబెట్టి చూసిన గుర్రాన్ని నిలబెట్టి వదిలెయ్యరు. దాని మీద మనిషి ఎక్కి, అన్ని నడకల్లోనూ నడిపించి చూపించాలి. ఆ నడకలకి వేరే మార్కులు. మొత్తం విలువలో ఒంటి తీరుకి ఒకప్పుడు 40 శాతం, స్వారీకి 60 శాతం ఉండేది. 2020 నుంచి ఒంటి తీరు వాటాని 35 శాతానికి తగ్గించి, స్వారీ వాటాని 65కి పెంచారు. అంటే కంటితో చూసి వేసిన అంకె కంటే, పనిలో పెట్టి చూసిన అంకెనే ఎక్కువగా నమ్ముతున్నారన్నమాట. నా వాదన అంతా ఈ ఒక్క విషయం మీదే నడుస్తుంది కనక దీన్ని గుర్తుపెట్టుకోమని మనవి.

గుర్రాల లక్షణాల గురించి మనకూ శాస్త్రం లేకపోలేదు. శాలిహోత్రుడి పేరు మీద సంస్కృతంలో ఒక సంప్రదాయమే ఉంది. తెలుగులో మనుమంచిభట్టు హయలక్షణవిలాసం రాశాడు. కాని అవి రాజుల శాలల కోసం రాసినవి. మా వైపు రైతుకి గుర్రంతో పనేముంది? దిండి వాగుకి ఇవతల నల్గొండ జిల్లా, అవతల పాత మహబూబ్‌నగర్ జిల్లా. మా ఊరు ఇవతల, అమ్మమ్మగారి ఊరు అవతల. రెండు వైపులా అవే ఎర్రచెల్కలు, అవే రాళ్ళగుట్టలు, అవే మోటబావులు. ఇక్కడ బతుకుని లాగింది ఎద్దు. ఎద్దు ఆ బరువుని లాగింది మెడతో.

గుర్రానికీ ఎద్దుకీ ఇక్కడే తేడా. గుర్రం బండి లాగితే బలం రొమ్ము, భుజాల మీద పడుతుంది. మన ఎద్దుకి కాడి మెడ మీద, మూపురానికి సరిగ్గా ముందు కూర్చుంటుంది. నాగలి బరువు, నేల బిగువు, బండిలో గడ్డి, ధాన్యం, పెళ్ళిజనం, అన్నీ జానెడు చోటు మీదే. కనక మా తాతకి మెడ చూడటమంటే ఆ జానెడు చోటుని చూడటం.

ఆయన పద్ధతి నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. సంతలో మొదట దూరంగా నిలబడి ఎద్దుని నడిపించమనేవాడు. తర్వాత పక్కకి వచ్చి ఎడమచెయ్యి మూపురం మీద వేసేవాడు. మూపురం నిటారుగా ఉందా, ఒక పక్కకి వాలిందా? దాని ముందు కాడి కూర్చునే చోట అరచెయ్యి పరిచి అదిమేవాడు. కండ ఉందా, ఎముక తగులుతోందా? అక్కడి తోలుని రెండు వేళ్ళతో పట్టి లాగేవాడు. మరీ పలచన తోలు ఒరుసుకుంటుంది, మరీ వదులు తోలు కాడి కింద ముడత పడుతుంది. వెంట్రుకలు ఎదురుదిశలో దువ్వి చూసేవాడు, పాత పుండు మచ్చ దాచారేమోనని. గంగడోలు మరీ బరువుగా వేలాడితే పెదవి విరిచేవాడు. చివరికి రెండు చేతులూ మెడ మీద వేసి తన ఒంటి బరువంతా ఆనించేవాడు. కొన్ని ఎద్దులు తప్పుకుంటాయి. కొన్ని తల విదిలిస్తాయి. కొన్ని మెడ కొంచెం దించి, అడుగు ముందుకి వేస్తాయి. మా తాత ఆ మూడో రకం కోసం చూసేవాడు.

అప్పుడుగాని నోరు తెరిపించి పళ్ళు చూసేవాడు కాదు. ఆ తర్వాతే తువ్వాల కింద వేళ్ళ బేరం.

"మొకం జూసి అల్లున్ని తెచ్చుకుంటరు బిడ్డా, ఎద్దును తెచ్చుకోరు" అనేవాడు.

మెడ పొడవు గురించి ఆయనకో మాట ఉండేది. కొంగమెడ వద్దు, పందిమెడ వద్దు. కొంగమెడ బరువుకి ఊగుతుంది. పొట్టి మెడ మోట దగ్గర బయటపడుతుంది. మోటబావి చూడని మిత్రుల కోసం చెబుతాను. ఎద్దులు వాలు మీద దిగుతూ తాడు లాగితే బొక్కెన పైకి వస్తుంది. నీళ్ళు కుమ్మరించగానే అవే ఎద్దులు తిరగకుండా, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వాలు ఎక్కాలి. అలా వెనక్కి నడిచేటప్పుడు కాడి మూపురాన్ని వదిలి కొమ్ముల వైపు జారుతుంది. మెడ మరీ పొట్టిదైతే కాడి చెవుల దగ్గరికి వచ్చి కొట్టుకుంటుంది, ఎద్దు బెదురుతుంది. పొద్దున మొదలుపెడితే ఎండ ముదిరేదాకా ఇదే పని. మోట మీద నాలుగు రోజులు నిలిచిన మెడకి వేరే పరీక్ష అక్కర్లేదు. ఐస్‌లాండు వాడి స్వారీ పరీక్ష వంటిదే మా తాతకి మోట.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. ఐస్‌లాండు వాళ్ళ కాగితం మీద దానికి గడి ఉండదు, ఉండవలసిన అవసరమూ లేదు. వాళ్ళ గుర్రం ఒంటరిది. మన ఎద్దు జతలో సగం. దాపటి ఎద్దు, వలపటి ఎద్దు రెండింటి మెడలూ ఒకే ఎత్తులో ఉంటేనే కాడి సమంగా కూర్చుంటుంది. కనక మా తాత సంతకి వెళ్ళేటప్పుడు ఇంట్లో ఉన్న ఎద్దు మెడ ఎత్తుని తన ఒంటి మీద కొలుచుకుని వెళ్ళేవాడు. ఛాతీ మీద ఎక్కడికి వస్తుందో వేలితో పెట్టుకుని, సంతలో కొత్త ఎద్దు పక్కన నిలబడి అక్కడే చూసుకునేవాడు. ఎంత మేలైన మెడైనా జతకి కుదరకపోతే ఆయన దృష్టిలో చెడ్డ మెడే.

ఈ విద్య నాకు తెలిసింది చూడటం వల్ల. అర్థమయింది తప్పు చెయ్యడం వల్ల.

1991 వానాకాలం. తాత పోయి రెండేళ్ళు. మా జతలో ఒక ఎద్దు ఎండాకాలంలో చనిపోయింది. నాన్నకి మోకాళ్ళ నొప్పులు, సంత దాకా నడవలేని స్థితి. డిగ్రీ చదువుతున్న నన్ను పంపించాడు, తోడుగా పక్కింటి పెద్దాయన్ని ఇచ్చి. సంతలో నాకు ఒక ఎద్దు నచ్చింది. తెల్లటి ఒంటి మీద ఎర్రటి మచ్చలు, సూటి కొమ్ములు, నడకలో ఠీవి. పక్కింటి పెద్దాయన మెడ మీద చెయ్యి వేసి "జర పలచగున్నది, మన కర్రోనికన్న నాలుగేళ్ళు పొట్టిగున్నది, ఇంకోటి జూద్దాం పటేలా" అన్నాడు. నేను వినలేదు. ఆ ఎద్దుని తోలుకుని ఊళ్ళోకి వస్తుంటే పిల్లలు వెంటపడ్డారు. ఆ సాయంత్రం నాకున్నంత గర్వం పరీక్ష పాసైనప్పుడు కూడా లేదు.

మొదటి నాలుగు దుక్కులు బాగానే సాగాయి. తర్వాత ముసురు పట్టింది. కాడి కొత్త ఎద్దు వైపు వాలి ఉండేది. వానకి నానిన తోలు మీద వాలిన కాడి రోజంతా ఒరిసింది. ఎనిమిదో రోజుకి మెడ ఉబ్బింది. పసుపు, వేపనూనె పూశాం. అదను దాటుతోందని రెండు రోజులే ఆపి మళ్ళీ కట్టాం. వాపు పగిలి పుండయింది. కాకికేం తెలుసు ఎద్దుపుండు నొప్పి అంటారు. పొద్దున్నే కొట్టం దగ్గర కాకుల్ని తోలే పని నాదే అయింది. ఆ ఎద్దు నేను కాడి ఎత్తగానే మెడ దించేది. అదే నేను మరిచిపోలేనిది. అది తప్పుకోలేదు, విదిలించలేదు. మా తాత వెతికే మూడో రకమే అది. మనసు అలాంటిది. ఒళ్ళు మా జతకి సరిపోలేదు, అంతే. దాని పక్కన ఇంకో పొట్టి ఎద్దు ఉంటే పదేళ్ళు పని చేసేదేమో.

ఆ ఎండాకాలమే దాన్ని అమ్మేశాం. మెడ మీద మచ్చ ఉన్న ఎద్దుని రైతెవడూ కొనడు. కొన్నవాడు రైతు కాదని నాకు తెలుసు. నాన్నకీ తెలుసు. ఇంటికి వచ్చాక ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. నాన్న పోయేదాకా ఎత్తలేదు.

ఇదంతా పాత కథ, ఇప్పుడు ట్రాక్టర్లున్నాయి కదా అనవచ్చు. పాత కథ కాదు కనకనే రాస్తున్నాను.

పాత మహబూబ్‌నగర్ జిల్లాలో, 2016 తర్వాత నాగర్‌కర్నూల్ జిల్లాగా మారిన భాగంలో, అమ్రాబాద్ గుట్టల చుట్టుపక్కల ఒక నాటు పశుజాతి ఉంది. పొడ తూర్పు అంటారు. పొడ అంటే మచ్చ. పడమటి ఊళ్ళ రైతులకి అవి తూర్పు కొండలనుంచి దిగివచ్చే పశువులు కనక తూర్పు. నల్లమల అడవి అంచున మేసి, రాళ్ళ దారుల్లో నడిచి, తక్కువ మేతతో నెగ్గుకొచ్చే జాతి. 2020లో కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ దీన్ని ప్రత్యేక జాతిగా నమోదు చేసింది. తెలంగాణ నుంచి ఇలా గుర్తింపు పొందిన మొదటి ఆవుజాతి ఇదే. అది చదివిన రోజు నాకు పట్టరాని సంతోషం కలిగింది. నేను కొన్న మచ్చల ఎద్దు ఏ కొండమీద పుట్టిందో అప్పుడు తట్టింది.

ఈ మందల్ని సాకేవాళ్ళకి పాల మీద వచ్చేది స్వల్పం. వాళ్ళ రాబడి ప్రధానంగా కోడెదూడల అమ్మకం. కార్తీకంలో అమ్మాపూర్ దగ్గర కురుమూర్తి జాతర జరుగుతుంది. స్వామివారి పాదుకల ఊరేగింపు, ఉద్దాల ఉత్సవం, చూడటానికి వేలాది మంది వస్తారు. జాతర వెంటే పశువుల సంత. గుట్టల మీది కోడెలు చాలా కాలంగా మైదానం రైతుల చేతికి మారుతూ వచ్చిన చోట్లలో అదొకటి. అంటే అడవి అంచున ఒక ఇంట్లో పొయ్యి వెలగడం, ఎక్కడో మైదానంలో ఒక రైతు కోడె మెడ మీద చెయ్యి వేసి తల ఊపడం మీద ఆధారపడి ఉంది. వందల ఏళ్ళుగా ఈ జాతిని తీర్చిదిద్దింది ఆ తల ఊపడమే. కాడికి నిలిచే కోడెలు పుట్టించిన పోతుని మందలో ఉంచారు. నిలవనివి పుట్టించిన దాన్ని తీసేశారు. పుస్తకం లేదు, మార్కుల కాగితం లేదు. కాడే పరీక్షాధికారి.

ఇప్పుడు పుస్తకం వచ్చింది, పరీక్షాధికారి వెళ్ళిపోతున్నాడు. నా భయం ఇదే.

జాతికి ఒకసారి పేరు, వర్ణన ఏర్పడితే ఆ వర్ణనకి సరిపోయే పశువుకి విలువ వస్తుంది. కాగితం మీద అన్నిటికంటే సులువుగా రాయగలిగేది రంగు. సులువుగా చూడగలిగేదీ అదే. కాడి కింద మెడ ఎలా ప్రవర్తిస్తుందో బొమ్మలో పడదు. కొన్నేళ్ళ క్రితం ఒక పశుప్రదర్శనకి వెళ్ళాను. ఏ ఊరో, ఎవరు జరిపారో ఇక్కడ అప్రస్తుతం. నూనె రాసి మెరిపించిన ఒక పోతుకి మొదటి బహుమతి వచ్చింది. మచ్చలు అద్దినట్టున్నాయి. మెడ లావుగా, మెత్తగా, మడతలు పడి ఉంది. నా పక్కన నిలబడ్డ తండా పెద్దాయన ఒకరు దాన్ని చూసి, గట్టిగా కాదు, తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు: "గుట్ట ఎక్కని మెడ సారూ అది. కూసొని తిన్న మెడ." ఆయన తోలుకొచ్చిన పోతు ఎండకి కమిలి, ముళ్ళకి గీసుకుపోయి, ఒక మూల కట్టేసి ఉంది. దాని దగ్గర న్యాయనిర్ణేతలు నిలబడ్డది అర నిమిషం. ఎవరూ దాని మెడ మీద చెయ్యి వెయ్యలేదు.

ఇందులో దురుద్దేశం ఉందని నేను అనను. వాళ్ళ చేతిలో ఉన్న కాగితంలో ఉన్నవే వాళ్ళు చూశారు. ఏ ప్రశ్న అడిగితే ఆ జవాబిచ్చే జాతి తయారవుతుంది. మన ఒంగోలు జాతి చరిత్రే చూడండి. పొట్టిగా బలిసిన మెడ, దాని వెనక నిటారు మూపురం, కోస్తా నల్లరేగళ్ళలో నాగలి లాగడానికి అమరిన ఒళ్ళు. ఆ పశువులు బ్రెజిల్ వెళ్ళాయి. నెల్లూరు పేరు మీదుగా అక్కడ నెలోర్ అయ్యాయి. బ్రెజిల్ అడిగిన ప్రశ్న మాంసం. అక్కడ మూపురాన్ని కుపిం అని ప్రత్యేకంగా కాల్చి వడ్డిస్తారు. ఇక్కడ కాడిని ఆపే మూపురం అక్కడ పళ్ళెంలో పదార్థం. వాళ్ళని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. వాళ్ళ అవసరం ఏమిటో వాళ్ళకి స్పష్టంగా తెలుసు. మన ప్రశ్న ఏమిటో మనకి తెలుసా అన్నదే నా సందేహం. "అందంగా ఉందా" అన్నదే మన ప్రశ్న అయితే ఇరవై ముప్ఫై ఏళ్ళకి మచ్చలు మిగులుతాయి, పొడ తూర్పు మిగలదు.

రెండు ఆక్షేపణలకి సమాధానం చెప్పాలి.

మొదటిది, ఎద్దుల వ్యవసాయమే పోతుంటే కాడి పరీక్ష ఎవరికోసం? నిజమే, దుక్కి చాలావరకు ట్రాక్టరు చేతికి వెళ్ళింది. 2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశంలో నాటు పశువులు 2012 నాటికంటే 6 శాతం తగ్గాయి. కాని మా వైపు పత్తి చేలలో, మొక్క మోకాలెత్తు దాటాక సాళ్ళ మధ్య గుంటుక తోలాలంటే ఇప్పటికీ ఎద్దులే కావాలి. గుట్టవాలున ఉన్న ఎకరం రెండెకరాల చెలకలోకి ట్రాక్టరు రావడానికి దారీ ఉండదు, వచ్చినా కిరాయి గిట్టదు. తగ్గిన పనికి తగ్గిన ఎద్దులు కావాలి, అది వేరు. ఆ ఉన్నవైనా పనికొచ్చేవి కావాలి కదా. పైగా కోడెకి పని లేకపోతే దానికి మిగిలేది ఒకటే దారి. 1992 ఎండాకాలంలో మా ఎద్దు వెళ్ళిన దారి.

రెండోది, కరుణ నుంచి వచ్చే ప్రశ్న. కాడే హింస కదా, దానికి తగిన మెడని వెతకడం ఏమి ధర్మం? ఈ ప్రశ్నని నేను తేలిగ్గా కొట్టెయ్యలేను. పుండు మీద కాడి వేసిన చెయ్యి నాది. అందుకే అంటాను, మెడ చూడటం అనే విద్యలో సగం కరుణే. కుదరని మెడని వద్దనడం, కుదరని జతని కట్టకపోవడం, ముసురులో పని ఆపడం, ఇవన్నీ అందులో భాగాలు. కాడిని కూడా మార్చాలి. ఒత్తిడి సన్నటి గీత మీద కాకుండా వెడల్పుగా పరుచుకునేట్టు నున్నగా, మెడ వంపుకి తగినట్టు చెక్కిన కాడి పుండుని చాలావరకు నివారిస్తుంది. పశువు మీద దయ ఉన్నవాడు మెడ గురించి ఎక్కువ తెలుసుకోవాలిగాని తక్కువ కాదు.

అలాగని మా తాత చెప్పిందంతా వేదమనీ అనను. ఆయనే ఒకసారి మంచి ఎద్దుని, మూపురం వెనక సుడి చెడ్డదని వదిలేశాడు. సుడి యజమానిని మింగుతుందట. పెద్దల మాటల్లో ఏది ఉంచుకోవాలో, ఏది వదులుకోవాలో తేల్చుకోవడానికి నాకొక కొలత ఉంది. కాడి కట్టి చూసినప్పుడు నిజమో కాదో తేలే మాట ఉంచుకోవాలి. ఏ పనిలో పెట్టినా తేలని మాట వదులుకోవాలి. మెడ కండ గురించి ఆయన చెప్పింది మొదటి రకం. సుడి రెండో రకం. మచ్చల అందానికి మార్కులు వెయ్యడం కూడా నా దృష్టిలో సుడి చూడటం లాంటిదే, కాకపోతే కొత్త వేషంలో.

కనక నేను కోరేది పెద్ద విషయమేమీ కాదు. ఈ జాతికి పోటీలు పెట్టేవాళ్ళు ఐస్‌లాండు వాళ్ళ దగ్గర మెడ కొలతలు నేర్చుకోనక్కర్లేదు. వాళ్ళ మెడ మనకి పనికిరాదు. నేర్చుకోవలసింది పద్ధతి. నిలబెట్టి చూసిన తర్వాత పనిలో పెట్టి చూడండి, పనికే ఎక్కువ మార్కులు వెయ్యండి. కోడెల్ని జతగా కట్టి, తేలిక బరువుతో గుట్టవాలున నడిపించి, దిగాక మెడ మీద తోలు చూడండి. జాతరల్లో జరిగే బండలాగుడు దీనికి సాటి కాదు. అది కాసేపటి బలాన్ని చూపిస్తుంది, రోజంతా నిలిచే మెడని చూపించదు. మందకి ఉంచే పోతుని దాని ఒంటినిబట్టి మాత్రమే కాక, దాని కోడెలు కాడి కింద ఎలా ఉన్నాయో కనుక్కుని ఎంచండి. న్యాయనిర్ణేతల్లో పశువైద్యుడి పక్కన ఒక మందకాపరిని, ఒక దుక్కి దున్నిన రైతుని కూర్చోబెట్టండి. మెడ గురించి వాళ్ళు వాడే మాటలు, కొంగమెడ, వాలిన మూపురం, కూసొని తిన్న మెడ, ఆ మాటల్లోనే తెలుగులో రాసిపెట్టండి. ఆ మాటలు తెలిసినవాళ్ళు ఇప్పుడు డెబ్భై దాటి ఉన్నారు. వాళ్ళు పోతే జాతి పేరు పుస్తకంలో ఉంటుంది, దాన్ని ఎలా చూడాలో చెప్పేవాడు ఉండడు.

మిత్రుడికి చివరికి చిన్న జవాబే రాశాను. వాళ్ళు పనిలేని వాళ్ళు కారు, పని ఎక్కడుందో మరిచిపోని వాళ్ళు అని. అతను ఇంకా బదులు రాయలేదు.

మా కొట్టంలో ఇప్పుడు ఎద్దులు లేవు. పాత కాడి మాత్రం దూలానికి వేలాడుతోంది. ఒక చివర మిగతా కర్ర కంటే నున్నగా అరిగి ఉంటుంది, వలపటి వైపు, మచ్చల ఎద్దు నిలబడిన వైపు. ఒక్క కారు పనికి కర్ర అంత అరగదని, అది అంతకుముందు ఎద్దులు అరగదీసినదేనని నాకు తెలుసు. అయినా ఊరికి వెళ్ళినప్పుడల్లా చెయ్యి అక్కడికే పోతుంది.

మీ ఊళ్ళో ఎద్దు మెడని ఎలా చూసేవారు? ఏ మాటలు వాడేవారు? గుర్తున్నవాళ్ళు వ్యాఖ్యల్లో రాస్తే సంతోషిస్తాను. ఒక్క మాటైనా సరే.